మిద్దె మీది పిట్టగోడ
(రేడియో ప్రసంగ పాఠము)

వంటింట్లో పని చేసుకుంటూ వింటున్న అక్కలకు, పొలము నుండి వచ్చి మంచము మీద నడుము వాల్చిన అన్నలకు, ఆసుపత్రి పడకల మీద నుండి వింటున్న పెద్దలకు నా వందనములు.

ఈ దినము మనము ఆలోచించబోయే అంశము కొందరికి వింతగా ఉండవచ్చు. మన మిద్దెల మీదికి వచ్చిన సోలార్ ప్యానెళ్లను ఎలా పరిశీలించుకోవాలో మాట్లాడుకుందాము. పాస్టరుగారికి కరెంటు పనితో ఏమి సంబంధము అని అనుకోకండి. మిద్దెను గురించి మోషే ధర్మశాస్త్రములోనే ఒక ఆజ్ఞ ఉంది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము తెరిచి చూడండి. కొత్తగా ఇల్లు కట్టుకొనేవాడు మిద్దె చుట్టూ అడ్డుగోడ పెట్టుకోవాలి. అది లేక ఎవరైనా పడి చనిపోతే ఆ ప్రాణానికి ఇంటివాడే జవాబు చెప్పాలి. ఆ వచనము సారాంశము ఇదే.

గమనించారా? పడినవాడు జాగ్రత్తగా ఉండవలసినదని ఆ ఆజ్ఞ అనలేదు. మిద్దె ఎవరిదో బాధ్యత వారిదే అంటున్నది. ఈ మాటను మనసులో పెట్టుకొని ముందుకు వెళ్దాము.

బైబిలు కాలములో మిద్దె ఖాళీ స్థలము కాదు. ఆ దేశమూ మన రాయలసీమవలె ఎండ మండే దేశమే. యెరికోలో రాహాబు తన మిద్దె మీద జనుపకట్టె ఆరబెట్టుకొన్నది. యొప్పేలో పేతురు మధ్యాహ్నపు వేళ ప్రార్థనకు మిద్దె ఎక్కాడు. మన ఇళ్లలోనూ అంతే. వడియాలు ఎండేది అక్కడే, మిరపకాయలు ఆరేది అక్కడే, వేసవి రాత్రులు పిల్లలు చాప వేసుకొని పడుకొనేది అక్కడే. ఇప్పుడు అదే మిద్దె మీద కరెంటు కూడా పండుతున్నది.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము పి.ఎం. సూర్యఘర్ పథకమును ప్రారంభించింది. దేశములో కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టించాలని దాని లక్ష్యము. 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు, 3 కిలోవాట్లు గానీ అంతకు మించి గానీ పెట్టుకొంటే 78,000 రూపాయలు సబ్సిడీగా నిర్ణయించారు. మిగిలిన సొమ్ము కోసము చాలామంది బ్యాంకులో అప్పు తీసుకున్నారు. కాబట్టి ఇది ఆషామాషీ వస్తువు కాదు. ఇంటి కష్టార్జితము మిద్దె మీద ఎండలో ఉన్నది.

అయితే పెట్టించిన తరువాత ఎంతమంది పైకి చూస్తున్నారు? "దానిలో తిరిగే చక్రము లేదు, పోసే నూనె లేదు, చూడడానికి ఏముంది?" అంటారు. సామెతల గ్రంథము 27వ అధ్యాయములో జ్ఞాని తన మందల స్థితి తెలుసుకొంటూ ఉండమని చెప్పాడు. గొర్రెలు వాటంతట అవే మేస్తాయి. అయినా కాపరి వాటిని లెక్కపెట్టకుండా పడుకోడు. ప్యానెళ్ల విషయమూ అంతే. సూర్యుడు తన పని తాను చేస్తాడు, మన పని మనము చేయాలి.

మొదట మన ఎండ సంగతి తెలుసుకోవాలి. అనంతపురము ప్రాంతములో సంవత్సరానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. దేశములో అతి తక్కువ వర్షము చూసే ప్రాంతాలలో అది ఒకటి. ఆకాశము ఎక్కువ దినాలు తేటగా ఉంటుంది గనుకనే ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. 2017లో అది పూర్తయింది. ఎండ మనకు దేవుడిచ్చిన వరమే. కానీ ఆ ఎండతోపాటు నాలుగు శోధనలు కూడా వస్తాయి. అవి వేడి, దుమ్ము, ఉప్పునీళ్లు, ఎండిన భూమి. ఒక్కొక్కటి చూద్దాము.

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందని అందరము అనుకుంటాము. అది సగము మాత్రమే నిజము. ప్యానెలుకు కావలసినది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ వెనుక అంటించిన చీటీలో రాసిన వాట్లు, లోపలి సెల్ 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు కొలిచినవి. మే నెలలో గాలి 42 డిగ్రీలు ఉంటే, నడిమధ్యాహ్నము ఆ నల్లని పలక లోపల 65 డిగ్రీలు దాటడము మామూలే. ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.35 శాతము శక్తి తగ్గుతుంది. 25 నుండి 65 వరకు 40 డిగ్రీలు, అంటే 14 శాతము తగ్గుదల. 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఆ వేళ 2.6 కిలోవాట్ల దగ్గర ఆగిపోతాయి. ఇది లోపము కాదు, దాని స్వభావము.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మే నెలలో యూనిట్లు తగ్గాయని పెట్టించినవాని మీదికి వెళ్లి "మోసము చేశావు" అని అరిచేవారు ఉన్నారు. విచారించక ముందే తీర్పు తీర్చడము మనకు తగదు. ముందు పరిశీలించాలి, తరువాత మాట్లాడాలి.

ఇప్పుడు పరిశీలన సంగతికి వద్దాము. దీనిని మూడు చోట్ల చేయాలి. మొదటిది మీటరు దగ్గర, రెండవది మిద్దె మీద, మూడవది భూమి దగ్గర.

మొదటిది, మీటరు దగ్గర పరిశీలన. దీనికి నిచ్చెన అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, ఒక పెన్ను చాలు. ప్రతి నెలా ఒకే తేదీన, సాయంత్రము పొద్దు పోయిన తరువాత ఇన్వర్టరులో చూపే యూనిట్లు రాసి పెట్టుకోండి. నెట్ మీటరులో రెండు లెక్కలు ఉంటాయి. ఒకటి మనము లైను నుండి తీసుకొన్నది, రెండవది మనము లైనుకు ఇచ్చినది. ఆ రెండూ రాయండి. లైనుకు ఇచ్చిన యూనిట్లు చూసి "ఇంతేనా పండింది" అని కంగారు పడవద్దు. పగలు మీ ఫ్యానుకు, ఫ్రిజ్జుకు వాడుకున్నది ఆ లెక్కలో కనబడదు. మొత్తము పంట ఎంతో ఇన్వర్టరే చెబుతుంది.

ఎంత రావాలి? మన ప్రాంతములో 1 కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు అనుకోవచ్చు. అంటే నెలకు 120. 3 కిలోవాట్లయితే 360 యూనిట్ల దగ్గర. మబ్బు నెలల్లో తగ్గుతుంది. అందుకే ఈ నెలను పోయిన నెలతో గాక, పోయిన సంవత్సరము ఇదే నెలతో పోల్చండి. ప్యానెళ్లు పాతబడేకొద్దీ సంవత్సరానికి అర శాతము నుండి ముప్పావు శాతము వరకు తగ్గడము సహజము. కానీ పోయిన ఏప్రిల్‌లో 370 వచ్చి ఈ ఏప్రిల్‌లో 280 వస్తే అది ముసలితనము కాదు, రోగము. ఏదో జరిగింది. పైకి చూడాలి.

పక్కింటివారికీ ఉంటే వారి లెక్క కూడా అడగండి. మత్తయి సువార్త 5వ అధ్యాయములో ప్రభువు చెప్పినట్టు, ఒకే సూర్యుడు అందరి మీదా ఉదయిస్తున్నాడు. ఇద్దరికీ తగ్గితే కారణము ఆకాశములో ఉన్నది. మీకొక్కరికే తగ్గితే కారణము మీ మిద్దె మీద ఉన్నది.

రెండవది, మిద్దె మీద పరిశీలన. దీనిని పొద్దున్నే, ఎండ ముదరక ముందు చేయాలి. చేత్తో ముట్టుకోనవసరము లేదు, కళ్లతో చూస్తే చాలు. ముందు అద్దము చూడండి. దుమ్ము పొర సమముగా ఉన్నదా, కింది అంచున మట్టి గీతలా పేరుకున్నదా? ఆ అంచు మట్టి కొద్దిగా ఉన్నా నష్టము పెద్దది, ఎందుకంటే కింది వరుస సెల్‌లు మూసుకుపోతాయి. పావురాల రెట్టలు, ఎండుటాకులు ఉన్నాయేమో చూడండి. ఒక్క రెట్ట ఏమి చేస్తుందిలే అనుకోకండి. ఒక ప్యానెలులోని సెల్‌లన్నీ చెయ్యి చెయ్యి పట్టుకొని నిలబడిన మనుష్యుల వరుస వంటివి. ఒక సెల్ మీద వెలుతురు పడకపోతే, మిగిలిన సెల్‌ల కరెంటు దాని గుండా వెళ్లలేక దానిని వేడెక్కిస్తుంది. కరెంటు ఇవ్వవలసిన సెల్ కరెంటును తిని కాలడము మొదలుపెడుతుంది. దానిని కాపాడడానికి లోపల డయోడ్లు ఉంటాయి. అవి పని చేసినా, ప్యానెలులో మూడవ వంతు ఆగిపోతుంది. పరమగీతములో ద్రాక్షతోటలను పాడుచేసే చిన్న నక్కల ప్రస్తావన ఉన్నది కదా, ఇక్కడ ఆ పని రెట్టలు చేస్తాయి.

తరువాత నీడ. పెట్టించినప్పుడు లేని నీడ ఇప్పుడు ఉండవచ్చు. పక్కింటివారు ఇంకో అంతస్తు వేశారు, వేపచెట్టు పెరిగింది, నీళ్ల ట్యాంకు జరిపారు, టి.వి. డిష్ పెట్టారు, బట్టల తీగ కట్టారు. పొద్దున 9 గంటలకు ఒకసారి, మధ్యాహ్నము 3 గంటలకు ఒకసారి నీడ ఎక్కడ పడుతుందో చూడండి. బట్టల తీగ జరుపుకోవడము ఉచితము.

అద్దములో పగుళ్లు, సెల్‌ల మీద గోధుమరంగు మచ్చలు, నత్త పాకినట్టు గీతలు, పొరల మధ్య బుడగలు కనబడితే ఫోటో తీసి పెట్టుకోండి. వీలైతే కింద నుండి వంగి వెనుక వైపు చూడండి. వెనుక తెల్లటి పొర పగిలినదా? వైరు బయటికి వచ్చే నల్ల డబ్బా దగ్గర కాలిన గుర్తు ఉన్నదా? వైర్లు వేలాడి కాంక్రీటుకు రాసుకుంటున్నాయా? ఉడుతలు కొరికాయా? కోతులు లాగాయా? ప్యానెల్ కింద కందిరీగల గూడు ఉన్నదా? గూడు ఉంటే వెనక్కి దిగి వచ్చేయండి. ఎత్తు మీద కందిరీగ కుడితే మనిషి చూసుకోకుండా అడుగు వెనక్కి వేస్తాడు.

చివరిగా స్టాండు. బోల్టులు వదులయ్యాయా, తుప్పు పట్టిందా, కాళ్ల దగ్గర సిమెంటు దిమ్మె కదిలిందా? ఏప్రిల్, మే నెలల్లో మనకు ఒక్కసారిగా గాలివాన లేస్తుంది. ప్యానెల్ అంటే గాలికి తెరచాప వంటిది. బోల్టు వదులైన ప్యానెల్ ఎగిరి వీధిలో పడితే నష్టము మన ఇంటితో ఆగదు.

ఇక శుభ్రము చేయడము గురించి. వర్షాలు లేని నెలల్లో పది పదిహేను దినాలకు ఒకసారి కడగడము మంచిది. తెల్లవారుజామున గానీ పొద్దుగుంకిన తరువాత వెలుతురు ఉండగా గానీ చేయండి. మధ్యాహ్నము కాలుతున్న అద్దము మీద చల్లని నీళ్లు పోస్తే అద్దము పగలవచ్చు. బట్టల సబ్బుపొడి, ఇనుప పీచు, బూడిద, ఇసుక, ఇవి గిన్నెలకు సరే గానీ ప్యానెలుకు శత్రువులు. మెత్తని గుడ్డ లేదా పొడవాటి కర్రకు కట్టిన మెత్తని బ్రష్షు, దానితోపాటు రబ్బరు వైపర్ చాలు. వాహనాలు కడిగే ప్రెషర్ పంపుతో కొట్టవద్దు. ప్యానెల్ మీద కాలు పెట్టవద్దు, మోకాలు ఆనించవద్దు. పైన అద్దము పగలకపోయినా లోపలి సెల్ కంటికి కనబడకుండా చిట్లుతుంది.

మన బోరునీళ్లు చాలాచోట్ల ఉప్పునీళ్లు. ఆ నీళ్లు అద్దము మీదే ఆరిపోతే తెల్లటి పొర కడుతుంది. మళ్లీ మళ్లీ అలాగే జరిగితే ఆ పొర రాయిలా గట్టిపడుతుంది. అందుకే నీళ్లు ఆరకముందే వైపర్‌తో లాగేయాలి. ఆర్.ఓ. యంత్రము నుండి వృథాగా పోయే నీళ్లు దీనికి వాడవద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. వాన నీళ్లు పట్టి పెట్టుకొంటే అంతకంటే మంచి నీళ్లు లేవు. నీళ్లకు కరువున్న ఊరిలో బకెట్లకు బకెట్లు పోయనవసరము లేదు. ముందు పొడి బ్రష్షుతో మెల్లగా దుమ్ము దులిపి, తరువాత తడిగుడ్డతో తుడిస్తే చాలు.

మూడవది, భూమి దగ్గర పరిశీలన. దీనిని దాదాపు అందరూ మరచిపోతారు. సోలార్ పెట్టించినప్పుడు ఇంటి పక్కన ఎర్తింగ్ గుంతలు తీసి ఉంటారు. సాధారణముగా మూడు ఉంటాయి. ఒకటి ప్యానెళ్లకు, స్టాండుకు. ఒకటి ఇన్వర్టరుకు. ఒకటి పిడుగు నుండి కాపాడే కడ్డీకి. కరెంటు దారి తప్పితే మన ఒంటి గుండా పోకుండా భూమిలోకి పోవడానికే ఈ గుంతలు. భూమి తడిగా ఉంటేనే కరెంటును సులభముగా తీసుకుంటుంది. మన నేల నెలల తరబడి ఎండి బీటలు వారితే ఆ గుంత పేరుకే ఉంటుంది. కాబట్టి వేసవిలో వారానికి ఒకసారి ఆ గుంతలలో రెండు బకెట్ల నీళ్లు పోయండి. మూత పగిలి చెత్త నిండి ఉంటే తీసేయండి. గుంత నుండి పైకి వెళ్లే పట్టీ ఎక్కడైనా తెగిందేమో, పాత ఇనుము కొనేవారికి అమ్మడానికి ఎవరైనా కోసుకుపోయారేమో చూడండి. సంవత్సరానికి ఒకసారి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ కొలిపించండి.

ఇన్వర్టరు కూడా చూడండి. దానిమీద నేరుగా ఎండ పడకూడదు. చుట్టూ గాలి ఆడాలి. దానిమీద సంచులు తగిలించవద్దు. వేడి ఎక్కువైతే అది తనను తాను కాపాడుకోవడానికి పని తగ్గించుకుంటుంది. వెనుక రెక్కలలో దుమ్ము, బల్లులు చేరకుండా చూడాలి. పక్కన చిన్న డబ్బాలో ఎస్.పి.డి. అనే పరికరము ఉంటుంది. అది పిడుగుల వేళ వచ్చే అధిక వోల్టేజి నుండి కాపాడుతుంది. దానికి చిన్న కిటికీ ఉంటుంది. ఆకుపచ్చ కనబడితే మంచిది, ఎరుపు కనబడితే అది మన కోసము దెబ్బ తిని చనిపోయిందని అర్థము. మార్పించండి.

ప్రియులారా, ఇప్పుడు చాలా ముఖ్యమైన సంగతి చెప్పాలి. పిల్లలను కూడా దగ్గరికి పిలిచి వినిపించండి. ఇంట్లో మెయిన్ ఆపితే లైటు ఆరిపోతుంది, తీగలో కరెంటు ఉండదు. ప్యానెళ్లు అలా కాదు. వాటి మీద వెలుతురు ఉన్నంతసేపు ఆ తీగలలో కరెంటు ఉంటుంది, ఎవరు ఏ స్విచ్చు ఆపినా సరే. ఆరు పెద్ద ప్యానెళ్లు వరుసగా కలిపితే 250 వోల్టులు దాటుతుంది. పైగా అది డి.సి. కరెంటు. పని చేస్తూ ఉండగా దాని ప్లగ్గు ఊడబీకితే నిప్పురవ్వ వచ్చి ఆరదు, మంటలా నిలుస్తుంది. అందుకే ప్యానెల్ వైర్ల ప్లగ్గులు మనము తీయకూడదు, తడి చేతులతో ముట్టుకోకూడదు. వైరు తెగినా, కాలిన వాసన వచ్చినా ముందు ఇన్వర్టరు దగ్గర ఏ.సి. స్విచ్చు, తరువాత డి.సి. స్విచ్చు ఆపి, పెట్టించినవారిని పిలవండి. మంట లేస్తే అందరినీ బయటికి పంపి 101కు ఫోన్ చేయండి. మిద్దె మీద సోలార్ ఉన్నదని ఫైరువారికి ముందే చెప్పండి. మీరుగా నీళ్లు చల్లవద్దు.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "అయ్యగారూ, పగలు కరెంటు పోతే మా సోలార్ కూడా ఆగిపోతుంది. ఎండ ఇంత ఉంటే ఎందుకు ఆగాలి?" బ్యాటరీ లేని ఇన్వర్టరు లైనులో కరెంటు పోయిన వెంటనే ఆగిపోయేటట్లు చేశారు. కారణము ఏమిటంటే, ఆ వేళ మన వీధి స్తంభము మీద లైన్‌మాన్ పని చేస్తూ ఉండవచ్చు. లైను చచ్చిపోయిందని నమ్మి అతడు తీగ పట్టుకుంటాడు. మన మిద్దె మీది కరెంటు ఆ తీగలోకి వస్తే అతని ప్రాణము పోతుంది. ఒక గంట మన ఫ్యాను ఆగుతున్నది, ముక్కు ముఖము తెలియని ఒక మనిషి ఇంటికి తిరిగి వెళ్తున్నాడు. ఆ ఇన్వర్టరు లోపల కూడా ఒక పిట్టగోడ ఉన్నది. ఎవరో ఒక మెకానిక్కుకు డబ్బిచ్చి దానిని పక్కదారి పట్టించాలని ఎన్నడూ చూడవద్దు. అది పొదుపు కాదు, పొరుగువాని రక్తము.

ఇక ఆజ్ఞ దగ్గరికి తిరిగి వద్దాము. ఈ ప్యానెళ్లను ఎవరు కడుగుతున్నారు? చాలా ఇళ్లలో యజమాని ఎక్కడు. వీధిలో ఉన్న కూలి పిల్లవానిని పిలుస్తారు. "రేయ్, పైకి ఎక్కి కాసిని నీళ్లు కొట్టిరా, వంద రూపాయలిస్తాను" అంటారు. వాడు చెప్పుల్లేకుండా, తడిసిన ఇనుప గొట్టాల మీద, చేతిలో నీళ్ల పైపుతో నిలబడతాడు. కింద ఎవరూ ఉండరు.

"మా మిద్దెకు పిట్టగోడ ఉంది కదా" అని మీరనవచ్చు. ఒక్కసారి మిద్దె ఎక్కి చూడండి. కింద వడియాలు ఆరబెట్టుకోవడానికి, పెండ్లికి పందిరిలా వాడుకోవడానికి చోటు ఉండాలని స్టాండును ఎనిమిది అడుగుల ఎత్తున వేయించుకొన్నవారు ఎందరో ఉన్నారు. పిట్టగోడ మూడడుగులు. కడిగేవాడు నిలబడేది ఆ గోడకంటే అయిదడుగులు పైన. అక్కడ నుండి జారితే ఆ గోడ అతనిని ఆపదు. గోడ కట్టాము గనుక ఆజ్ఞ నెరవేర్చాము అనుకుంటున్నాము గానీ, ప్యానెళ్లు ఎత్తిన రోజునే ఆ గోడ పొట్టిదైపోయింది.

కాబట్టి ఎత్తైన స్టాండు ఉన్నవారు ముందు దాని పక్కన కాలు ఆనడానికి గట్టి నడక పలక, పట్టుకోవడానికి రైలింగు వేయించుకోండి. ఇంకా కొటేషను దశలోనే ఉన్నవారు ఆ లెక్క ఇప్పుడే రాయించుకోండి. అంతవరకు మిద్దె మీదే నిలబడి పొడవాటి కర్ర బ్రష్షుతో అందినంత మేరకే కడగండి. అందని చోటు అలాగే ఉండనివ్వండి. కొన్ని యూనిట్లు పోతే పోనివ్వండి. ఒక ప్రాణముతో పోలిస్తే ఒక యూనిట్ ఖరీదు ఎంత? ఎవరైనా ఎక్కవలసి వస్తే నడుముకు సేఫ్టీ బెల్టు, కాలికి రబ్బరు బూట్లు, కింద నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి, తాగడానికి నీళ్లు ఉండాలి. చిన్న పిల్లలను ఎన్నడూ ఎక్కించవద్దు. గాలి వేళ, వాన వేళ ఎవరినీ ఎక్కించవద్దు.

సొంత కొడుకును ఎక్కించని చోటికి పరాయివాని కొడుకును ఎక్కించకూడదు. ధర్మశాస్త్రములోని ఆ ఒక్క వచనము మన ముందు పెట్టే కొలత ఇదే. మోషే కాలములో సోలార్ లేదు. అయినా మిద్దె ఎక్కినవాడు క్షేమముగా దిగాలన్న దేవుని కోరిక మారలేదు.

సంఘ పెద్దలకు కూడా ఒక మాట. మందిరము మిద్దె మీద ప్యానెళ్లు పెట్టించినచోట, లెక్క రాయడానికి ఒకరిని, తాళము ఉంచుకోవడానికి ఒకరిని పేరు పెట్టి నియమించండి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు. మన సంఘములో విధవరాండ్రు, ఒంటరి వృద్ధులు సోలార్ పెట్టించుకొని ఉంటే, యౌవనస్థులు నెలకు ఒకసారి వెళ్లి మీటరు రాసి పెట్టండి, ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయండి. బిల్లు చదివి వారికి అర్థమయ్యేటట్లు చెప్పండి. కళ్లు కనబడని అవ్వకు అది ఎంతో మేలు. కానీ ఉత్సాహముతో మిద్దె అంచులు ఎక్కవద్దు.

కాగితాలు కూడా భద్రపరచండి. సూర్యఘర్ పథకములో పెట్టించినవారు అయిదు సంవత్సరాలు నిర్వహణ చూడవలసి ఉంటుంది. ఆ ఒప్పందము, గ్యారంటీ పత్రాలు, ప్యానెళ్ల నంబర్లు, మొదటి రోజు తీసిన ఫోటోలు, మీ నోటుపుస్తకము ఒకే సంచిలో పెట్టండి. లోపము కనబడినప్పుడు కేకలు వేసేవానికంటే, "ఇదిగో పోయిన సంవత్సరము లెక్క, ఇదిగో ఈ సంవత్సరము లెక్క, ఇదిగో ఫోటో" అని నెమ్మదిగా చూపించేవాని మాటకు బరువు ఉంటుంది.

ప్రియ శ్రోతలారా, ఈ వారములో మీరు నాలుగు పనులు చేయండి. ఒకటి, నోటుపుస్తకము తెరిచి మొదటి తేదీ, మొదటి లెక్క రాయండి. రెండు, పొద్దున్నే మిద్దె ఎక్కి కళ్లతో ఒకసారి అంతా చూడండి. మూడు, ఎర్తింగ్ గుంతలలో నీళ్లు పోయండి. నాలుగు, మీ ప్యానెళ్లు కడిగే మనిషి ఎక్కడ నిలబడుతున్నాడో అక్కడికి చూసి, అతడు జారితే ఏమి పట్టుకుంటాడో ఆలోచించండి. పట్టుకోవడానికి ఏమీ లేదని తేలితే, మిగిలిన మూడు పనులకంటే ముందు దాని సంగతి చూడండి.

మనకు ఎండను, వెలుతురును ఇచ్చిన దేవుడు మీ ఇండ్లను కాపాడును గాక. మీ మిద్దెలు ఎక్కే ప్రతివాడూ క్షేమముగా దిగి తన ఇంటికి చేరును గాక. స్తంభాల మీద పని చేసే లైన్‌మాన్లను, ఎండలో కష్టపడే కూలివారిని ఈ రాత్రి మీ కుటుంబ ప్రార్థనలో తలంచుకోండి. వచ్చే వారము మళ్లీ కలుసుకుందాము. అంతవరకు ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.